మిర్చి ఘాటు అంటిన నోట్సు

ఎంబీఏ క్లాసులో నా పక్కన కూర్చున్నవాళ్లకు ఫిబ్రవరి నుంచి మే దాకా తుమ్ములొచ్చేవి. ఎందుకో వాళ్లకు తెలీదు. నాకు తెలుసు కానీ చాలా రోజులు నోరు విప్పలేదు. మా బాపు వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే దుకాణంలో, గుమాస్తా. మిర్చి సీజన్లో రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవాడు. అమ్మ వాకిట్లోనే అంగీ విప్పించి, కాళ్లు చేతులు కడిగించాక గాని లోపలికి రానిచ్చేది కాదు. అన్నం తిన్నాక ఆయన నా నోట్సు తీసుకుని తిరగేసేవాడు. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా ఆ చేతుల ఘాటు పోయేది కాదు. పొద్దున అదే నోట్సు బ్యాగులో వేసుకుని నేను కాకతీయ యూనివర్సిటీ బస్సెక్కేదాన్ని.

బాపుకు ఇంగ్లిష్ రాదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. కానీ నోట్సులో బొమ్మ కనిపిస్తే ఊరుకునేవాడు కాదు. "గిదేంది బిడ్డా, గీ డబ్బాలేంది, గీ బాణాలేంది?" అని అడిగేవాడు. మేనేజ్‌మెంట్ చదువులో డబ్బాలకూ బాణాలకూ కొదవ ఏముంది! అలా రోజూ రాత్రి నాకు రెండో క్లాసు జరిగేది.

నేను 1999లో చేరాను. డిగ్రీ బీకాం, తెలుగు మీడియం. మా ఇల్లు వరంగల్ గిర్మాజీపేటలో. అక్కడి నుంచి పోచమ్మమైదాన్, ఎంజీఎం, ములుగు రోడ్డు, హన్మకొండ చౌరస్తా, నయీంనగర్ మీదుగా బస్సు వెళ్లేది. యూనివర్సిటీ 1976లో ఏర్పడింది, అంటే నాకన్నా ఏడాదే పెద్ద. బయటివాళ్లు వరంగల్, హన్మకొండ ఒకటే అనుకుంటారు. ఏడెనిమిది కిలోమీటర్లే కదా అంటారు. గిర్మాజీపేట పిల్లకు హన్మకొండ పిల్లల మధ్య కూర్చోవడం ఎంత దూరమో నాకు తెలుసు. వాళ్లు కాన్వెంట్ ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడుతుంటే నేను బెంచీ చివర చేరి పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండేదాన్ని.

రెండో ఏడాది ఒక పాఠంలో స్వీడన్ దేశపు ఉప్సాలా యూనివర్సిటీ వాళ్ల సిద్ధాంతం వచ్చింది. 1977 నాటిది. కంపెనీలు విదేశాలకు ఒక్కసారిగా దూకవు, తమకు దగ్గరగా అనిపించే దేశంతో మొదలుపెట్టి, అక్కడ అనుభవం వచ్చాకే ఇంకో అడుగు వేస్తాయని వాళ్లు చెప్పారు. దగ్గరంటే మైళ్లలో కాదు. భాష, అలవాట్లు, పద్ధతులు, వాటిలో దగ్గర. ఆ రోజు క్లాసులో నాకు వేరే ఉదాహరణ అక్కర్లేకపోయింది. బాపు కూడా దీన్ని వెంటనే ఒప్పుకున్నాడు. వాళ్ల దుకాణం సేటు మొదట చుట్టుపక్కల ఊళ్ల సరుకే పట్టాడట. తర్వాత గుంటూరులో బంధువుల దుకాణానికి పంపాడట. "ఎర్కున్నోని దగ్గరికే ముందుగాల పోతరు బిడ్డా, గంతే," అన్నాడు.

మొదటి ఏడాది సంగతి పెద్దగా చెప్పుకునేదేం లేదు. అకౌంట్స్, స్టాటిస్టిక్స్, ఆర్గనైజేషనల్ బిహేవియర్. రెండో ఏడాదిలో ఇంటర్నేషనల్ బిజినెస్, స్ట్రాటజీ పేపర్లు వచ్చాయి. చెప్పిన సారు ఒక్కరే. పేరు రాస్తే ఆయనకు నచ్చదు. సుద్దముక్కతో బోర్డు నిండా రాసి, చేతులు దులుపుకుని, "ఇప్పుడు దీన్ని మీ అమ్మమ్మకు చెప్పగలరా?" అని అడిగేవారు. చెప్పలేకపోతే అర్థం కానట్టే ఆయన లెక్కలో. మా అమ్మమ్మ అప్పటికే లేదు. బాపు ఉన్నాడు.

ఒకరోజు సారు ఆర్థికవేత్త రికార్డో లెక్క వేశారు. 1817 నాటి లెక్క. పోర్చుగల్‌లో కొంత బట్ట తయారు కావాలంటే ఏడాదికి 90 మంది పని, కొంత ద్రాక్ష సారాయికి 80 మంది. అదే ఇంగ్లండ్‌లో బట్టకు 100 మంది, సారాయికి 120 మంది. అంటే రెండింట్లోనూ పోర్చుగలే మెరుగు. అయినా పోర్చుగల్ సారాయి మాత్రమే చేసి, బట్ట ఇంగ్లండ్ నుంచి కొనుక్కుంటేనే ఇద్దరికీ లాభమట. క్లాసులో ఎవరికీ మింగుడుపడలేదు. రెండూ బాగా చేసేవాడు పక్కవాడి దగ్గర ఎందుకు కొనాలి?

రాత్రి బాపుకు అంకెలు చూపించాను. ఆయన ఒక బీడీ అయిపోయేంతసేపు చూశాడు.

"గిందుల తెల్వందేముంది? మా సేటు నాకంటె జల్ది లెక్క కూడ్తడు. బేరం సుత నాకంటె మంచిగ చేస్తడు. మరి నన్నెందుకు పెట్టుకున్నట్టు? ఆయన పద్దు రాసుకుంట కూసుంటె ఆడ వేలం పాట కాడ ఎవరుంటరు?"

నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. సేటుకు బాపు మీద ఆధిక్యం లెక్కల్లో కొంచెం, బేరంలో చాలా. అందుకని బేరం తన దగ్గర ఉంచుకుని లెక్కలు బాపుకు ఇచ్చాడు. రికార్డో చెప్పింది అక్షరాలా అదే. మర్నాడు క్లాసులో చేయెత్తి చెప్పబోయాను. ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలయ్యాక గొంతు పట్టేసింది. సారు, "తెలుగులో చెప్పమ్మా," అన్నారు. చెప్పాను. చివరి బెంచీలవాళ్లు కూడా తలెత్తారు. ఆ తర్వాతి బ్యాచ్‌లకు సారు ఈ సేటు–గుమాస్తా కథే చెప్పేవారని జూనియర్లు చెప్పారు. బాపుతో అంటే, "మరి నాకు జీతమేమన్న ఇస్తరటనా?" అని నవ్వాడు.

మా బ్యాచ్‌లో ఒకతన్ని అందరం 'దుబాయ్' అని పిలిచేవాళ్లం. మెట్‌పల్లి దగ్గర ఊరు. వాళ్ల నాన్న, ఇద్దరు చిన్నాన్నలు గల్ఫ్‌లో కూలిపని చేసేవాళ్లు. విదేశీ మారకం చాప్టర్ వచ్చేదాకా అతను క్లాసులో ఉన్నాడో లేడో ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం లేచి, దిర్హమ్ ధర గురించి బెంగ అక్కర్లేదన్నాడు. అది డాలర్‌కు కట్టేసి ఉంటుంది, డాలర్‌కు 3.67 దిర్హమ్‌లు, అది మారదు, మనం చూడాల్సింది రూపాయి–డాలర్ మాత్రమే అన్నాడు. అప్పట్లో దిర్హమ్ పన్నెండు రూపాయల చుట్టుపక్కల ఉండేది. నాన్న పంపే డబ్బు ఏ వారం తీసుకోవాలి, ఇంటి స్లాబు ఎప్పుడు వేయాలి, చెల్లె పెళ్లి పైసలు ఎప్పుడు మార్చాలి, వాళ్లింట్లో అన్నీ దాన్నిబట్టే నడిచేవట. వాళ్ల నాన్న మూడేళ్లకొకసారి వచ్చేవాడు. అది పుస్తకంలో ఉండదు. అతను కూడా ఆ రోజు అది చెప్పలేదు, తర్వాత హాస్టల్ మెస్ మెట్ల మీద కూర్చున్నప్పుడు చెప్పాడు.

కేసులు వచ్చినప్పుడు నవ్వులే నవ్వులు. కెల్లాగ్స్ 1994లో మన దేశానికి వచ్చి, కరకరలాడే కార్న్‌ఫ్లేక్స్ అమ్మబోతే, మనవాళ్లు వేడి పాలు పోసి మెత్తగా చేసి ఇదేం తిండని పక్కన పెట్టారన్న కేసు. మా హాస్టల్ పిల్లలకు కార్న్‌ఫ్లేక్స్ ఎలా ఉంటాయో తెలీదు. ఒకామె "పాలల్ల అటుకులు వేసుకున్నట్టా?" అని అడిగింది. 1977లో కోకాకోలా వెళ్లిపోవడం, 1993లో తిరిగి వచ్చి థమ్సప్‌ను కొనుక్కోవడం కూడా చదివాం. థమ్సప్ మన దగ్గర బతికే ఉంది కాబట్టి ఆ కేసు బాగా గుర్తుంది. విదేశంలో అడుగుపెట్టే పద్ధతులు, అంటే ఎగుమతి, లైసెన్సింగ్, ఫ్రాంచైజీ, జాయింట్ వెంచర్, సొంత కంపెనీ, వీటికి నలభై పేజీలుంటే, బయటికి రావడానికి రెండు పేజీలే ఉన్నాయి. ఎవరో "అభిమన్యుడు రాసిండు సార్ ఈ పుస్తకం" అన్నారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ జోకు వేస్తారని సారు చల్లగా చెప్పారు.

ఇక గ్లోబల్, మల్టీడొమెస్టిక్, ఇంటర్నేషనల్, ట్రాన్స్‌నేషనల్ అని నాలుగు గళ్ల బొమ్మ ఒకటి. పరీక్షలో తప్పకుండా వచ్చేది. ఒక పక్క ఖర్చు తగ్గించుకోవాలనే ఒత్తిడి, ఇంకో పక్క స్థానిక రుచులకు తగ్గట్టు మారాలనే ఒత్తిడి. ఆ చివరి గడి, ట్రాన్స్‌నేషనల్, ఏమిటో నాకు ఇప్పటికీ సగమే తెలుసు. మార్కులు మాత్రం పూర్తిగా పడ్డాయి.

1991 సంస్కరణల పాఠం వచ్చినప్పుడు మా క్లాసుకు కొంచెం గర్వం. జులై 1న, మళ్లీ 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించడం, అదే నెలలో దాదాపు 47 టన్నుల బంగారం విదేశాలకు తాకట్టుకు వెళ్లడం, లైసెన్సుల రాజ్యం సడలడం, అదంతా పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడే జరిగింది. ఆయన పుట్టింది మా నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో. నర్సంపేట నుంచి వచ్చే ఒక క్లాస్‌మేట్ ఆ వారమంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఆ గర్వంతో పాటు భయం కూడా ఉండేది. 2001 ఏప్రిల్ 1 నుంచి మిగిలిన 715 రకాల సరుకుల మీద దిగుమతి పరిమితులు ఎత్తేస్తున్నారని పేపర్లలో రోజూ వచ్చేది. చైనా సరుకు ముంచేస్తుందని కొందరు, ఏమీ కాదని కొందరు క్యాంటీన్‌లో గొంతులు చించుకునేవాళ్లు. పత్తి పండించే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఈ వాదనల్లోకి దిగేవాళ్లు కాదు. 1997–98లో మా జిల్లా పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయిన వార్తలు ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1979లో హార్వర్డ్‌లో మైఖేల్ పోర్టర్ చెప్పిన ఐదు శక్తులు. మధ్యలో ఒక డబ్బా, అందులో పోటీదారులు. పైన కొత్తగా వచ్చేవాళ్లు, కింద ప్రత్యామ్నాయ సరుకులు, ఒక పక్క కొనేవాళ్లు, ఇంకో పక్క సరఫరా చేసేవాళ్లు. ఏ వ్యాపారంలో లాభం ఎంత మిగులుతుందో ఈ ఐదింటి బలాన్నిబట్టి తేలుతుందంటారు. బాపుకు ఈ బొమ్మ తెగ నచ్చింది. "గిది మా యార్డే గద," అని వేలు పెట్టి ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు.

ఏనుమాముల చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఆసియాలోనే రెండో పెద్ద మార్కెట్ అని మా ఊళ్లో చెప్పుకుంటారు. సీజన్లో తెల్లవారేసరికి ఎర్రటి బస్తాలతో యార్డు నిండిపోయి, నడవడానికి సందు కోసం వెతుక్కోవాలి. పొద్దున ఒక మంచి సరుకు దగ్గర ఖరీదుదారులు చేరి పాట పాడతారు. అది జెండా పాట. ఆ రోజుకు అదే పైధర, మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. దాన్ని చూసి రైతు ఆశతో బండి కట్టుకుని వస్తాడు. తీరా వచ్చాక కొనేవాడు బస్తా కోసి, చేయి లోపలికంటా పెట్టి కాయ తీసి విరిచి చూస్తాడు. తేమ ఉందంటాడు, తాలు ఉందంటాడు, మచ్చ ఉందంటాడు. ఒక్కొక్క మాటకు వందలు తగ్గుతాయి. తర్వాత కాంటా, హమాలీ, కమీషన్ పోగా చేతికొచ్చే లెక్క చీటీ, తక్‌పట్టీ, చూసుకుని కొందరు అక్కడే బస్తాల మీద కూలబడతారు. చిన్నప్పుడు బాపుకు టిఫిన్ డబ్బా తీసుకెళ్లినప్పుడు అలా కూర్చున్నవాళ్లను చూశాను. ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారుతున్నాయేమో అనుకునేదాన్ని.

"కొనెటోళ్లు గింతమందే, వాళ్లది బలం," అన్నాడు బాపు బొమ్మలో కుడిపక్క చూపిస్తూ. "కొత్తోడు రావాల్నంటె లైసెన్సు గావాలె, పెట్టుబడి గావాలె, ఎవడస్తడు?" అని పైడబ్బా మీద వేలు పెట్టాడు. ఎడమపక్కకు వచ్చేసరికి అడిగాడు, "గిదెవరు?"

"సరుకు ఇచ్చేవాళ్లు బాపూ. మీ దుకాణానికైతే రైతులు."

"వాళ్లకేం బలముంటది? విత్తనానికి, మందులకు మా సేటు దగ్గర్నే అప్పు తీస్కుంటరు. పంట ఇంకో దుకాణానికి కొంటవోతరా?"

అంతకన్నా ఏమీ అనలేదు. నేను రాసుకున్నాను. ఆ ఏడాది పరీక్షలో 'మీకు తెలిసిన ఒక పరిశ్రమను ఐదు శక్తుల ప్రకారం విశ్లేషించండి' అని ప్రశ్న వచ్చింది. నా చేయి ఆగలేదు. మిర్చి కమీషన్ వ్యాపారం. సరఫరాదారుల బలం: చాలా తక్కువ. కారణం: ముందస్తు అప్పు వల్ల వేరేచోట అమ్ముకోలేరు. పరిశ్రమకు ఇది అనుకూలం. 'అనుకూలం' కింద గీత కూడా గీశాను. ఆ పేపర్లో క్లాసులో అందరికన్నా నాకే ఎక్కువ మార్కులు. ఇంటికొచ్చి సంబరంగా చదివి వినిపించాను, తెలుగులో. అనుకూలం అన్న మాట దగ్గర బాపు తల ఊపడం మానేశాడు. "గట్ల రాసినవా," అన్నాడు. తిట్టలేదు. మార్కులు ఎన్నని అడిగి, మంచిదని చెప్పి, నిద్రొస్తుందని లేచాడు. తొమ్మిదిన్నరకే నిద్రొచ్చిన రోజు నాకు తెలిసి అదొక్కటే.

పుస్తకంలో తప్పేం లేదు. అది దుకాణం గల్లా పెట్టె దగ్గర కూర్చుని చూసే బొమ్మ. బాపు ముప్పై ఏళ్లు ఆ గల్లా పక్కనే కూర్చున్నాడు కానీ ఆయన పుట్టింది పరకాల దగ్గర మిర్చి పండించిన ఇంట్లో. అది నాకు తెలీని విషయమేం కాదు. రాసేటప్పుడు గుర్తు రాలేదు.

ప్రాజెక్టు కూడా మిర్చి మీదే చేశాను, ఎగుమతుల గురించి. మన కాయ శ్రీలంక, బంగ్లాదేశ్, మలేషియా, అమెరికా దాకా వెళ్తుందని లెక్కలు తీశాను. బాపుకు గుంటూరు దాకే తెలుసు. "ఆడికెల్లి ఓడెక్కుతదంటరు," అనేవాడు. నాకు ఆయన్ని బాగా ఆశ్చర్యపెట్టే అవకాశం దొరికింది లెటర్ ఆఫ్ క్రెడిట్ దగ్గరే. కొనేవాడి బ్యాంకు ముందే హామీ ఇస్తుంది, అమ్మేవాడు సరుకు ఓడెక్కించి కాగితాలు చూపిస్తే చాలు డబ్బు వస్తుంది, బ్యాంకు చూసేది కాగితాలే గాని సరుకు కాదు అని చెప్పాను.

"కాయ చూడరా?"

"చూడరు."

"బస్తా కొయ్యరా?"

"కొయ్యరు బాపూ. కాగితంలో ఒక్క అక్షరం తప్పున్నా డబ్బు ఆపేస్తారు గానీ, సరుకు మాత్రం చూడరు."

ఆ రాత్రి రెండుసార్లు లేచి అదే అడిగాడు.

హన్మకొండలో టైపు చేయించి, ఎర్ర రెక్సిన్ అట్టతో మూడు కాపీలు బైండింగ్ వేయించాను. ఒకటి డిపార్ట్‌మెంట్‌కు, ఒకటి నాకు, మూడోది బాపు పట్టుకెళ్లి దుకాణంలో పద్దు పుస్తకాల పక్కన పెట్టుకున్నాడు. వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించేవాడని సేటు మా అమ్మతో అన్నాడట.

ఉద్యోగం హైదరాబాద్‌లో ఒక మసాలా ఎగుమతి ఆఫీసులో, డాక్యుమెంట్ల సెక్షన్లో. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్. చేరిన రెండో నెలలోనే కొనేవాడి పేరులో ఒక అక్షరం తప్పు కొట్టి, మూడు వారాలు డబ్బు ఆగేలా చేశాను. బాపుకు చెప్పిన పాఠం నాకే అప్పజెప్పినట్టయింది. 2003లో ఫ్రాన్స్‌లో మన మిరప ఉత్పత్తుల్లో సుడాన్–1 అనే రంగు దొరికింది. బూట్ పాలిష్‌లో వాడే రంగు అది. జూన్‌లో యూరోపియన్ యూనియన్, ఆ రంగు లేదని పరీక్ష కాగితం ఉంటేనే సరుకు రానిస్తామంది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో అదే రంగు తేలి, నాలుగు వందలకు పైగా తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. మా ఆఫీసులో రాత్రింబవళ్లు ల్యాబ్ రిపోర్టుల టెన్షన్. ఫోన్లో చెప్తే బాపు, "మరి గందుకే బస్తా కోసి చూడాలంటిని," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఆ వార్త పేపర్లో పడ్డ వారమే నేను ఊరికి వెళ్లాను. బాపుకు ఇప్పుడు చూపు సరిగా లేదు, జెండా పాట ధర ఎవరో ఒకరు చదివి వినిపించాలి. సేటు కొడుకులు దుకాణం ఎప్పుడో ఎత్తేశారు. పాత సామాను సర్దినప్పుడు బాపువని ఒక గోనెసంచి పంపించారట, అటక మీద ఉంది. దించి చూస్తే పద్దు పుస్తకాల మధ్య నా ఎర్ర రెక్సిన్ రిపోర్టు. తెరవగానే తుమ్మొచ్చింది.

ప్రాజెక్టు రిపోర్టులు ఒకవైపే టైపు చేస్తారు కదా. రెండోవైపు ఖాళీ పేజీలన్నీ బాపు చేతిరాతతో నిండి ఉన్నాయి. ఐదు శక్తుల బొమ్మ ఉన్న కాగితం తిప్పాను. ఊరి పేర్లు, ఇంటి పేర్లు, ఎన్ని బస్తాలు, తాలు కింద ఎంత కోత, పాత అప్పు ఎంత, వడ్డీ ఎంత, అన్నీ పోగా ఎంత బాకీ. అట్లాంటివి పదమూడు పేర్లు. రెండు పేర్లకు ఎదురుగా ఏమీ రాయకుండా గీత కొట్టి ఉంది.

"ఇందులో రాశావేంది బాపూ?" అన్నాను.

చేత్తో తడిమి అదే పుస్తకమని గుర్తుపట్టాడు.

"ఒక దిక్కు ఉత్తగనే ఉండె గద బిడ్డా," అన్నాడు.